ఎడమ ముందు చక్రం

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి:

బాపుకు పొద్దున తిన్నాక బీపీ గోళీ ఇవ్వాలి.

బాపు చూడకుండా అటక మీది రాగి సుత్తిని సంచీలో పెట్టుకోవాలి.

కాలేజీ వర్క్‌షాపు నుంచి జాకీ, చెక్క దిమ్మెలు తీసుకోవాలి. సోమవారం పొద్దున తరగతుల వేళకు తిరిగి పెట్టాలి.

ముందు కారు నడిపి చూడాలి. ఎవరో చెప్పింది నమ్మి పని మొదలుపెట్టకూడదు.

చక్రాన్ని నేల మీంచి లేపి తిప్పాలి. రిమ్ము, స్పోకులు, బేరింగు, హబ్బు ఒక్కొక్కటే చూసి తీసేయాలి.

ఎవరైనా దయ్యం మాట ఎత్తితే వాదించకూడదు.

బాబురావు సేట్ నోటితో, పదిమంది ముందు, లింగమూర్తి తప్పు లేదనిపించాలి.

చివరిది కాగితం మీద రాయలేదు. మిగతావి రాసి జేబులో పెట్టుకున్నాను.

లింగమూర్తి మా బాపు. మాది మహారాష్ట్రలో కర్ఖేలి అనే పల్లె. బాపు చిన్న వయసులోనే నాందేడ్ వచ్చి బాబురావు సేట్ పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీలో చేరాడు. మొదట ఇంజను దగ్గర, తర్వాత సేట్ ఇంటి బండ్ల దగ్గర. సేట్ వాళ్ళు ఉమ్రి నుంచి వచ్చిన తెలుగు కోమట్లు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ, లారీ డ్రైవర్లతో దక్కనీ హిందీ మాట్లాడేవారు. సేట్ తమ్ముడు నందకిషోర్‌కు బండ్ల పిచ్చి. హైదరాబాదులో ఏదో నవాబు గారింట్లో మూలపడ్డ విలాయతి కారును కొని తెచ్చాడు. ఎర్రది. ఇద్దరికే చోటు. పైన కప్పు లేదు. పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాలకున్నట్టు స్పోకులున్న చక్రాలు. మామూలు కార్ల చక్రాలకు నాలుగైదు బోల్టులుంటాయి. దీని చక్రాన్ని నడిమధ్యలో ఉండే ఒకే నట్టు పట్టి ఉంచుతుంది. ఆ నట్టుకు రెండు చెవులుంటాయి. రాగి సుత్తితో ఆ చెవి మీద కొట్టి బిగించాలి.

నేను తల్లి చంకలో ఉన్న ఏడు, దసరా నాడు, నందకిషోర్ బంధువులకు జమ్మి ఆకు ఇచ్చి రావడానికి ఆ కారులో బయల్దేరాడు. గోదావరి వంతెన దిగే వాలులో ఎడమ ముందు చక్రం ఊగిపోయింది. కారు గోడను కొట్టింది. అతను అక్కడికక్కడే పోయాడు. సీటు నిండా, రోడ్డు నిండా జమ్మి ఆకు. మొదట వెళ్ళినవాళ్ళు ఆ చక్రం నట్టును పట్టుకుంటే చేత్తోనే తిరిగిందట. పోలీసుల పంచనామా కాకముందే ఊరు తీర్పు చెప్పేసింది. లింగమూర్తి నట్టు బిగించడం మరిచిపోయాడు.

సేట్ కేసు పెట్టలేదు. పొమ్మన్నాడు. అంతే.

బాపు ఆ తర్వాత నూనె మిల్లులో పనిచేశాడు, నీళ్ళ మోటార్లు బాగుచేశాడు. చక్రం మాత్రం ముట్టలేదు. నేను సైకిలు కొనుక్కుంటే పంక్చరు కూడా వేయలేదు. కానీ ఒక అలవాటు మిగిలింది. నట్టు బిగిసేకొద్దీ సుత్తి శబ్దం మారుతుంది. మొద్దుగా ఉన్నది ఖంగుమంటుంది. అప్పుడు ఆపాలి. బాపు కనిపించిన వస్తువునల్లా వేలి ముణుకుతో కొట్టి వినేవాడు. చెంబు, తలుపు గడియ, మంచం కోడు, నా పలక. కొట్టడం, తల వంచి వినడం, మళ్ళీ కొట్టడం. సందె వేళ మా ఇంట్లో ఆ చప్పుడు తప్ప మరోటి ఉండేది కాదు.

"ఇంట్ల ఇంకేం బిగియ్యాల్నయ్యా?" అని మా అమ్మ గంగుబాయి మొదట్లో తిట్టేది. తర్వాత మానేసింది. పోయేముందు రెండు రోజులు ఆమే తన మంచం కోడును బాపు చేతికి దగ్గరగా జరిపించుకుంది, ఆ చప్పుడు వినిపించాలని.

అడిగితే బాపు ఒకటే మాట అనేవాడు. "కొట్టిన. సప్పుడు మారింది."

నేను ఆ మాట వింటూ పెరిగాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మెకానికల్ ఎందుకు తీసుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే దేశాభివృద్ధి అని చెప్పాను. అసలు కారణం ఆ నట్టు.

*

ఇన్నేళ్ళూ ఆ కారు పత్తి గోదాములో టార్పాలిన్ కింద ఉంది. తొంభై తొమ్మిదిలో సేట్ కొడుకు మంగేశ్ దాన్ని బయటికి తీశాడు. హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనకు తీసుకుపోవాలని అతని ఆశ. ఇంజను బాగైంది, టైర్లు కొత్తవి వచ్చాయి. ఎడమ ముందు చక్రం మాత్రం వణుకుతూనే ఉంది, అదీ వంతెన దిగే ఆ వాలులోనే. మేస్త్రీలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి స్పోకులు బిగించి పోయారు. చివరికి వచ్చినవాడు సంచీ సర్దుకుంటూ, "చిన్న సేట్ స్టీరింగు ఇడుస్తలేడు" అన్నాడట, పోయిన నందకిషోర్‌ను ఉద్దేశించి.

మంగేశ్ నేను పాఠాలు చెప్పే కాలేజీకి వచ్చాడు. నేనెవరి కొడుకునో తెలిసే వచ్చాడు. తండ్రికి మాత్రం చెప్పలేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికి సేట్ గోదాము ముందు కుర్చీలో ఉన్నాడు. ముసలివాడైపోయాడు. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఎవరి పిలగానివి?"

"లింగమూర్తి కొడుకును, సేట్. సాయిరాం."

చుట్టూ ఉన్న హమాలీలు నా వైపు తిరిగారు.

"ఆ చెయ్యే మల్ల అచ్చిందా బండి కాడికి?"

"నాన్నా, సర్ కాలేజీల చెప్తడు," అన్నాడు మంగేశ్.

"చెప్పనియ్యి. చెప్పుడు వేరు, బిగించుడు వేరు."

 అయినా అనుకొని వచ్చిన మాట అన్నాను. "సేట్, ఈ వణుకు ఎందుకో నేను చూపిస్త. ఆనాడు నట్టు ఎందుకు వదులైందో గూడ అండ్ల తెలుస్తదని నా నమ్మకం. మా బాపు తప్పు లేదని తేలితే మీరు ఈళ్లందరి ముందట ఆ మాట అనాలె."

"తప్పే అని తేలితే?"

"నేనే అంట."

సేట్ కారు వైపు చెయ్యి చూపించాడు. "చూడు," అన్నాడు.

అప్పుడే గోదాము తలుపు పక్కన నిలబడ్డ ఆమెను చూశాను. లేత రంగు చీర, ఖాళీ నుదురు. నందకిషోర్ భార్య దేవకమ్మ. పెళ్ళైన ఏడాది కూడా నిండకుండా భర్త పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి పోనంది. ఈ ఇంట్లోనే ఉండిపోయింది. మంగేశ్ ఆమెను మరాఠీ పద్ధతిలో కాకూ అని పిలుస్తాడు, పిన్నిని పిలిచినట్టు.

ముందు కారు నడిపాను. మంగేశ్ పక్కన కూర్చున్నాడు. వంతెన ఎక్కేదాకా ఏమీ లేదు. దిగేటప్పుడు వణుకు మొదట కాళ్ళ కింద పుట్టింది, తర్వాత స్టీరింగులోకి ఎక్కింది. స్టీరింగును నేను పట్టుకున్నానో, ఇంకెవరైనా పట్టుకొని నన్ను ఊపుతున్నారో తెలియలేదు. ఆనాడు కారు కొట్టిన గోడను సిమెంటుతో పూడ్చిన చోటు పక్కనుంచే పోయాం. నేను అటు చూడలేదు.

"చూసిన్రా సర్? గీడనే. ప్రతిసారి గీడనే."

నేను కారును తిప్పి ఊరి బయట చదునైన రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. వాలులో ఎంత వేగం అందుకుందో అంత వేగానికి తెచ్చాను. అక్కడా అలాగే వణికింది. వేగం పెంచితే తగ్గింది, తగ్గిస్తే పోయింది.

"చోటును బట్టి కాదు మంగేశ్. వేగాన్ని బట్టి. వాలుల బండి ఆ వేగం అందుకుంటుంది, అంతే."

అతని మొహంలోకి నెత్తురు వచ్చింది. నా చేతుల్లో మాత్రం ఆ వణుకు చాలాసేపు ఉండిపోయింది. స్టీరింగు వదిలాక కూడా.

*

గోదాములో కారు ముందు భాగాన్ని జాకీతో లేపాను. రిమ్ము పక్కన చాకుపీసు కదలకుండా పట్టుకొని చక్రాన్ని మెల్లగా తిప్పాను. చక్రం గుండ్రంగానే ఉంది. కానీ పక్కలకు ఊగుతోంది. సుద్ద గీత రిమ్ముకు ఒకవైపే పడింది. స్పోకులను పానాతో ఒక్కొక్కటే తట్టాను. అన్నీ ఒకే శ్రుతిలో పలికాయి, ఒక్కటీ వదులు లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూశాను. బేరింగులోనూ వదులు లేదు.

తర్వాత ఎడమ చక్రాన్ని విప్పి కుడివైపు, కుడి చక్రాన్ని ఎడమవైపు వేశాను. ఇప్పుడు ఊగేది ఏదో చూడాలి. పాత ఎడమ చక్రం కుడివైపు నిశ్చలంగా తిరిగింది. మంచిదనుకున్న కుడి చక్రం ఎడమవైపుకు రాగానే ఊగింది.

"అంటే చక్రంల దోషం లేదు," అన్నాను. "అది కూసునే హబ్బుల ఉన్నది."

"ఇన్ని దినాలు ఊకెనే స్పోకులు పీకిన్రన్నట్టు," అన్నాడు మంగేశ్.

చక్రం మళ్ళీ విప్పుతుంటే దేవకమ్మ దగ్గరికి వచ్చింది. పత్తి బస్తా మీద కూర్చుంది.

"మీ బాపు గిట్లనే విప్పిండు, బిడ్డా. నాలుగు చక్రాలు విప్పి బండిని దిమ్మెల మీద నిలవెట్టిండు. కొత్త గ్రీజు పెట్టిండు. ఖండే నవమి గదా."

ఆయుధపూజను ఇక్కడ ఖండే నవమి అంటారు. పనిముట్లకు ఆ రోజు సెలవు. పూజ అయ్యాక వాటిని మర్నాటిదాకా ముట్టరు.

"పెండ్లయినంక నాకు అదే మొదటి పూజ," అంది. "అత్తమ్మ పళ్లెం నా చేతికే ఇచ్చింది. ఇంట్ల తక్కెడకు, గల్లాపెట్టెకు పెట్టిన. బండికి బొట్టు ఏడ పెట్టాల్నో తెల్వక నిలవడ్డ. ఆయన ఒకటే నవ్వుడు. 'చక్రం తిరిగితేనే గదా నేను తిరిగొచ్చేది, ఆడ పెట్టు' అన్నడు. చక్రం ఎక్కే గీ చోటనే పెట్టిన."

నేను నట్టు విప్పుతూ విన్నాను. ఆమె ఎవరికో కాక తనకే చెప్పుకుంటున్నట్టుంది.

"మంగేశ్ బండి తీసినప్పుడల్లా నేను పక్క సీట్ల కూసుంట. ఆ వాలు కాడ వణుకుతది. అచ్చిండు అనుకుంట." నా వైపు తిరిగి, "పిచ్చిదాన్ని అనుకుంటున్నవు," అంది.

"లేదమ్మా."

నిజంగానే అనుకోలేదు. నా చేతులకు తెలుసు.

హబ్బు మీద చక్రం సరిగ్గా కూర్చుంటోందా లేదా అన్నది కంటికి తెలియదు. హబ్బు వెనకవైపు గిన్నె అంచులా ఏటవాలుగా ఉంటుంది. చక్రం లోపలి అంచు దాని మీద చుట్టూ సమంగా ఆనాలి. దానికి రంగు పూసి చూస్తారు. కాలేజీలో నీలం రంగు ఉంది, తేవడం మరిచిపోయాను.

"కొంచెం కుంకుమ, నూనె కావాలి," అన్నాను.

"పూజ చేస్తవా ఇంజినీరూ?" అని సేట్ బయటినుంచే అన్నాడు. హమాలీలు నవ్వారు.

దేవకమ్మే లేచి వెళ్ళి తెచ్చింది. క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి, వేళ్ళకు అంటకుండా అంచు పట్టుకొని నా ముందు పెట్టింది.

కుంకుమను నూనెలో కలిపి ముందు కుడి హబ్బుకు పలచగా పూశాను. చక్రం పెట్టి బిగించి, విప్పి చూశాను. చక్రం లోపలి అంచుకు ఎర్రటి వలయం చుట్టూ అంటింది. ఎడమవైపు కూడా అలాగే చేశాను. వలయం సగమే వచ్చింది. మిగతా సగం ఖాళీ.

అందుకే ఊగుతోంది. ఒకవైపు ఏదో అడ్డం ఉండి చక్రాన్ని వాల్చి పెడుతోంది. నడుమ వెంట్రుక మందం తేడా ఉంటే చాలు, రిమ్ము దగ్గరికొచ్చేసరికి అది కంటికి కనిపించే ఊపవుతుంది. కానీ అక్కడ కంటికి నల్లటి పాత గ్రీజు తప్ప ఏమీ కనిపించలేదు. అది తారులా గట్టిపడిపోయింది. మేస్త్రీలందరూ దాని మీదే కొత్త గ్రీజు పూసుకుంటూ పోయారు.

కిరసనాయిలు పోసి కొంతసేపు నాననిచ్చాను. వెదురు పుల్లతో గీకి, కుంకుమ తెచ్చిన కాగితం మీదే ఆ గడ్డను తీసి పెట్టాను. నల్లటి గడ్డ వేళ్ళ మధ్య విడిపోయింది. లోపల పసుపుపచ్చగా ఉంది.

అందులో బియ్యపు గింజలు. కొన్ని నలిగి పిండైపోయాయి. కొన్నింటి ఆకారం ఇంకా చెడలేదు. వాటి ఒంటినిండా పసుపు.

నాకు ముందు సంతోషమే కలిగింది. దాచుకోను. అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. బాపు నట్టు కొట్టాడు. శబ్దం మారింది. మారకేం? గింజలు గట్టిగా ఉన్నంతసేపు బిగింపూ గట్టిగానే ఉంది. బండి నడిచేకొద్దీ గింజలు నలిగాయి. నలిగినంత మేర నట్టు వదులైంది. వంతెన దాకా వెళ్ళేసరికి అది చేత్తో తిరిగేంత వదులైంది. మా బాపు అబద్ధమాడలేదు. ఇరవై అయిదేళ్ళు చెంబులనూ గడియలనూ కొట్టి విన్న మనిషి అబద్ధమాడలేదు.

"దొరికింది!" అన్నాను. తల ఎత్తాను.

దేవకమ్మ కాగితంలోకి చూస్తోంది.

సేట్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. హమాలీలు కూడా వచ్చారు. పదిమంది కావాలనుకున్నాను. పదిమంది ఉన్నారు. "ఏం దొరికింది?" అన్నాడు సేట్.

పళ్లెం పట్టుకొని ఎక్కడ బొట్టు పెట్టాలో తెలియక నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు కనిపించింది నాకు. ఇందాక ఆమే చెప్పింది. నేను నోరు తెరిస్తే బాపు మీది మాట తొలగిపోతుంది. అది పోయి ఎవరి మీద పడుతుందో నా ఎదురుగానే ఉంది.

"పాత గ్రీజు, సేట్," అన్నాను. "గడ్డకట్టింది. అదే అడ్డం పడ్డది."

"మరి నట్టు సంగతి?"

"నట్టు సంగతి దీంతోని తేలదు."

"ఎట్ల తేల్తది? తెలిసిందే గదా." సేట్ వెనక్కి తిరిగాడు.

మిగిలిన పని రేపు చేస్తానని చెప్పి గుడ్డ, సుత్తి సంచీలో వేసుకొని వచ్చేశాను. చౌఫాలా మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. కాగితం అక్కడే ఉండిపోయింది. జాకీ కూడా.

*

బాపు గుమ్మం దగ్గర కూర్చొని స్టీలు గ్లాసును ముణుకుతో కొట్టి వింటున్నాడు.

"సుత్తి ఎందుకు వట్కపోయినవ్?" అన్నాడు. ఆయన కళ్ళుగప్పాననుకున్నాను.

చెప్పాను. వాలు సంగతి, చక్రాలు మార్చడం, కుంకుమ. గ్రీజు తీశాననగానే వేళ్ళు ఆగాయి.

"పసుపు ఉన్నదా ఇంక?"

 "నీకు ఎర్కేనా బాపూ?"

"దసరా పొద్దున చక్రం ఎక్కించేటప్పుడు చూసిన. గ్రీజు మీద అక్షింతలు అతుక్కొని ఉన్నయి. గుడ్డ తీసిన తుడ్సనీకి. చిన్న సేట్ చెయ్యి వట్టుకున్నడు. 'మా ఆమె మొదటి పూజ, లింగన్నా. తుడ్వకు. గట్లనే బిగించు' అన్నడు. నవ్వుకుంట అన్నడు. పూజ చేసిందాన్ని నేను మాత్రం ఎట్ల తుడుస్త? బిగించిన."

"మరి చెప్పకపోతివి! ఒక్కళ్లకన్న చెప్పకపోతివి!"

"ఎవరికి చెప్పాలె? పెనిమిటి పోయి పడున్న పిల్లకు, నీ అక్షింతలే అని చెప్పాల్నా?" గ్లాసును కింద పెట్టాడు. "నాకు తెల్వాలె కొడకా. అది తెల్వని పిల్ల. చక్రం కూసునే కాడ దేవుడు గూడ అడ్డముండొద్దు. నేను తుడ్వాల్సింది."

ఆయనను తప్పు నుంచి తప్పించడానికి చదివాను. ఆయన మాత్రం తన తప్పు ఎంతో కొలిచి దగ్గర పెట్టుకున్నాడు. నా చేతుల్లో ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. దేవకమ్మ ఒక్కతే దిగింది. ఆ ఇంటి ఆడవాళ్ళు మా వాడకు రావడం నేనెప్పుడూ చూడలేదు. బాపు లేచి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆమె చాప మీద కూర్చొని, కొంగుముడి విప్పి, క్యాలెండరు కాగితాన్ని నేల మీద పరిచింది. గింజలను కడిగింది కాబోలు, ఇంకా పసుపుగానే ఉన్నాయి.

"ఇవేంది, లింగన్నా?"

బాపు చూసి చూడనట్టు చూశాడు. "గోదాముల ఎలుకలుంటయి గదమ్మా. తెచ్చి పెట్టినయేమో."

"ఎలుకలు పసుపు పెడ్తయా?"

 పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. ఎవరమూ లేవలేదు.

"నీ చెయ్యి పడిపోవాలెనని మొక్కుకున్న నేను," అంది. "ప్రతి దసరాకు మొక్కుకున్న. నువ్వు ఎర్కుండి ఊకున్నవు."

"చిన్న సేట్ తుడ్వద్దన్నడమ్మా. నవ్వుకుంట అన్నడు."

ఆ మాటకు ఆమె మొహంలో ఏదో కదిలింది. భర్త అన్న ఒక కొత్త మాట ఇన్నేళ్ళకు దొరికింది. "ఏమన్నడు? మల్ల చెప్పు."

బాపు మళ్ళీ చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకొని విన్నది. తర్వాత లేచి, "నడువు లింగన్నా. చక్రం నువ్వే బిగించాలె," అంది.

గోదాములో సేట్, మంగేశ్, హమాలీలు, నిన్నటివాళ్ళే ఉన్నారు. దేవకమ్మ హబ్బు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ ఇవ్వబోయాను. తీసుకోలేదు. తన కొంగుతోనే తుడిచింది. చుట్టూ, లోపల, ఏటవాలు అంచునా వేలు పెట్టి తుడిచింది. చీర నల్లబడింది.

"కాకూ, చీర ఖరాబైతది," అన్నాడు మంగేశ్.

"కానియ్యి." బాబురావు సేట్ వైపు తిరిగింది. "బావగారూ, లింగన్న నట్టు బిగించిండు. అక్షింతలు నేను ఏసిన. అవి నలిగినయి, నట్టు వదులైంది. ఆయన ప్రాణం నా చేతులనుంచి పోయింది, లింగన్న చేతులనుంచి గాదు. ఇన్నేండ్లు మనం తప్పు మనిషిని తిట్టినం."

సేట్ గోడ పట్టుకున్నాడు.  చివరికి, "లింగమూర్తి తప్పు లేదు," అన్నాడు. నేను కోరిన మాటే, కోరినట్టే, కోరినవాళ్ళ ముందే. అది విన్నాక తల ఎత్తుకుంటాననుకున్నాను. ఎత్తలేకపోయాను.

బాపు చక్రం ఎక్కించాడు. రాగి సుత్తి ఆయన చేతికిచ్చాను.  కొట్టాడు. మొద్దుగా పలికింది. మళ్ళీ కొట్టాడు. కొడుతూ కొడుతూ ఉండగా శబ్దం మారింది. ఖంగుమని గోదామంతా పలికింది. బాపు తల వంచి విని, సుత్తిని నేల మీద పెట్టాడు.

దేవకమ్మను పక్కన కూర్చోబెట్టుకొని నేనే నడిపాను. వంతెన ఎక్కాం. దిగేటప్పుడు వేగం అందుకుంది. నా చేతులు ఎదురుచూశాయి. స్టీరింగు రాయిలా నిలకడగా ఉంది. సిమెంటు పూత పక్కనుంచి కారు నీళ్ళ మీద పోయినట్టు పోయింది.

ఆమె తలుపు అంచు మీద చెయ్యి పెట్టి కూర్చుంది. వాలు అయిపోయాక, "లేడు," అంది.

నేను బండి మెల్లగా చేశాను.

"వణుకు పోయింది. ఆయన గూడ పోయిండు, బిడ్డా." ఏడవలేదు. కొంతదూరం పోయాక మళ్ళీ అంది. "మంచిగ చేసినవు. నువ్వు చేయాల్సిందే చేసినవు."

ఆ తర్వాత ఆమె ఆ కారెక్కలేదు. బాపు గ్లాసును కొట్టడం మానేశాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే ఒక్కోసారి నేనే తలుపు గడియను కొట్టి వింటాను. దేవకమ్మ దసరా పూజలో కూర్చోవడం కూడా మానేసిందని మంగేశ్ చెప్పాడు. పళ్లెంలో బియ్యం కనబడితే లేచి వెళ్ళిపోయేదట. బాపు పోయిన మరుసటి ఏడు ఆమె కూడా పోయింది. అంతకుముందు ఒకసారి కబురు పెట్టి నన్ను పిలిపించింది. "ఇది ఎప్పుడన్న రాస్తే నా పేరు దాచకు," అంది. అందుకే దాచలేదు.

మా బాపును తలుచుకోవడానికి నేనున్నాను, నా పిల్లలున్నారు. నందకిషోర్ ఫోటోకు ఆ ఇంట్లో ఇప్పటికీ దండ వేస్తారు. దేవకమ్మకు ఎవరూ లేరు. చెప్పకుంటే ఎవరికీ తెలియని మాటను, చెప్పమని ఎవరూ అడగని మాటను, కొంగు నల్లబడేలా తుడిచి మరీ చెప్పిన మనిషి. దసరాకు మీరు బండికి పూజ చేస్తారు. అక్షింతలు వేయండి, తప్పులేదు. చక్రం ఎక్కించే ముందు మాత్రం ఆ చోటును ఒకసారి తుడవండి. తుడుస్తున్నంతసేపు దేవకమ్మను గుర్తుచేసుకోండి.